ఎర్ర తివాచీ కింద గొయ్యి

మా కంచరపాలెం వాట్సాప్ గ్రూపులో వార్డు సచివాలయం వాళ్ళు పెట్టే కబుర్లు చదివితే మేము స్వర్గంలో ఉంటున్నామనిపిస్తుంది. పొద్దున కుళాయి రాదని మధ్యాహ్నం చెబుతారు. ఖాళీ బిందెలు ఆ సంగతి పొద్దున్నే చెప్పేసి ఉంటాయి. 'మీ వీధిలో చెత్త తొలగించబడినది' అంటూ ఫొటో పెడతారు. శుభ్రమైన వీధే, కాకపోతే మాది కాదు. వెంటనే మావాళ్ళు వరసగా దణ్ణం బొమ్మలు పెడతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

నా గొడవ ఒక్కటే. మా గుమ్మానికీ రోడ్డుకీ మధ్య మురికి కాలవ ఉంది. దాని మీది సిమెంటు పలకను చెత్త ట్రాక్టరు ఎక్కి విరగ్గొట్టి గొయ్యి చేసింది. ఇంటికి ఇంకో దారి లేదు, వెనక రైల్వే గోడ. మేమంటే గెంతుతాం. మోకాలి ఆపరేషనైన మా అమ్మ వాకరుతో ఎక్కడ గెంతుతుంది? నెలల తరబడి అరుగు మీద కూర్చుని రోడ్డును చూస్తూ ఉండిపోయింది. కుర్చీలో ఎత్తి దాటిస్తామంటే ఒప్పుకోదు.

"నలుగురూ మొయ్యడానికి ఇంకా టైముందిరా. అప్పుడు నాను వద్దనను," అంది.

ఫిర్యాదు పెడితే 'పరిశీలనలో ఉంది' అన్నారు. గోతిలో పరిశీలించడానికేముంటుందో నాకు అర్థం కాలేదు.

ఇంతలో గ్రూపులో కబురొచ్చింది. స్వచ్ఛత కార్యక్రమం కోసం పెద్దాఫీసరు స్వయంగా మా వీధికి వస్తున్నారట. గొయ్యి ఆయనకు కళ్ళారా చూపిద్దామని సంబరపడ్డాను. ఆ రోజు పొద్దున్న లేచి చూద్దును కదా, వీధి వీధంతా కళ్ళాపి, ముగ్గులు. మా కాలవ మీద టెంటు హౌసు వాళ్ళ స్టేజీ చెక్క, దాని మీద ఎర్ర తివాచీ! పక్కింటి పిన్ని అంచుల వెంట బంతిపూలు పేరుస్తోంది.

"పిన్నీ, గొయ్యి కనపడొద్దూ?" అన్నాను.

"ఊరుకో బాబూ. పెద్దమనిసి గుమ్మంలోకొత్తంటే గొయ్యి సూపిత్తామేటి? వీధి పరువేటైపోద్ది?"

చుట్టాలొస్తే చిరిగిన పరుపు మీద కొత్త దుప్పటి పరిచే జాతి మాది. నేనే చెక్క లాగేద్దామని వంగాను. అప్పటికే అమ్మ వాకరు టకటకలాడించుకుంటూ దాని మీదుగా రోడ్డెక్కేసింది. ఆవిడ మొహంలో ఆనందం చూశాక నాకిక మనసొప్పలేదు.

ఆఫీసరు వచ్చారు. వార్డు సచివాలయం అమ్మాయి మా అమ్మను తివాచీ మీద ఆయన పక్కన నిలబెట్టి ఫొటో తీసింది. నేను ఊరుకోలేక తివాచీ అంచు ఎత్తి, "సార్, ఇది ఉత్త చెక్కండీ, కింద గొయ్యి!" అన్నాను. ఆయన బూటుతో తొక్కి చూసి, "గట్టిగానే ఉందే," అన్నారు. పిన్ని ఆయన చేతికి కొబ్బరిబొండం అందించింది. తాగి వెళ్ళిపోయారు.

"వీధి సివరిదాకా ఎల్లొత్తాను," అని అమ్మ బయల్దేరింది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి కబుర్లు చెబుతూ మలుపు తిరిగింది. ఆవిడ అలా వెళ్ళిందో లేదో, టెంటు హౌసతను ఆటో వేసుకుని వచ్చి చెక్క ఎత్తేశాడు.

"ఆగు బావా, మా అమ్మ ఇంకా బయటే ఉంది!"

"దువ్వాడలో పెళ్ళుంది బావా. ఈ సెక్క లేకపోతే పెళ్ళికొడుకు స్టేజీలోంచి కిందికి దిగిపోతాడు," అని ఆటో పోనిచ్చాడు.

అప్పుడే ఫోను మోగింది. గ్రూపులో తివాచీ మీద మా అమ్మ నవ్వుతోంది. కింద 'కాలువపై పలక నిర్మాణం పూర్తి. లబ్ధిదారు హర్షం' అని ఉంది. మొట్టమొదటి దణ్ణం మా పక్కింటి పిన్నిదే.

అమ్మ తిరిగొచ్చి గోతి ముందు ఆగిపోయింది. నాకు కోపంతో ఏడుపొచ్చింది. "ఈ ఒక్కసారికీ ఎత్తి దాటిస్తానమ్మా," అని బతిమాలాను. ఆవిడ నా మాట వినిపించుకోకుండా పిన్ని వేసిన ప్లాస్టిక్ కుర్చీలో రోడ్డు మీదే కూర్చుంది. చీకటి పడుతున్నా లేవలేదు.

"ఎంతసేపమ్మా ఇలాగ? లోపలికి రావా?"

"వత్తాన్రా. కానీ లోపలికెల్తే మల్లీ ఎప్పుడు బయటికొత్తానో తెలీదు కదా," అంది మెల్లగా.

నేను గొయ్యి గెంతి లోపలికెళ్ళి, కంచంలో అన్నం కలుపుకొచ్చి ఆవిడ చేతికిచ్చాను.