నైట్ డ్యూటీ మనిషికి ఒక ఏసీ

మా ఆయన ముత్తుకూరు దగ్గర కరెంటు తయారయ్యే ప్లాంటులో పని చేస్తాడు. బొగ్గు మోసే బెల్టుల దగ్గర డ్యూటీ. నైట్ షిఫ్టు వారాల్లో రాత్రంతా మేలుకొని, ఎండ ఎక్కే వేళకు ఇంటికొచ్చి పడుకునేవాడు. పడుకునేవాడు అంటున్నాను గానీ, నిద్రపోయేవాడు కాదు. మాది మేడ మీద గది. ఎండాకాలం టిఫిన్ల వేళ దాటకముందే స్లాబు సెగ కక్కేది. ఫ్యాను ఆ సెగనే తిప్పి తిప్పి మొహాన కొట్టేది. మధ్యాహ్నం కాకుండానే చెమటతో తడిసి లేచి, వరండాలో గోడకానుకొని కూర్చునేవాడు. ఆ ఎర్రటి కళ్లు చూస్తే నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చేది.

ఒక రోజు ఇంటికి వస్తూ బండి మీదే కునుకు తీశాడు. బండి పోయి రొయ్యల గుంట కట్ట కింద పడింది. మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. ఇసుకలో జారిందని నాకు చెప్పాడు. బ్రేకు కూడా వేయలేదని వెనకాల వచ్చినవాళ్లు చెప్పారు. ఆ పూటే నిశ్చయించుకున్నాను, ఈ మనిషి పగలు నిద్రపోవాల్సిందే. లేకపోతే ఏదో ఒక రోజు నాకు దక్కడు.

ఏసీ కొందామంటే ససేమిరా అన్నాడు. రాత్రంతా బొగ్గు కదిలిపోవడం చూసే మనిషి, ఇంట్లో లైటు వదిలేసినా ఊరుకోడు. పగలు పడుకునే ఒక్కడి కోసం అంత కరెంటు కాల్చాలా అని వాదన. నాకు తిక్క రేగింది.

"ఊరంతా ఫ్యాన్ల కింద నిద్రపోవాలని నువ్వు రాత్రంతా మేలుకుంటుండావు. నీ నిద్రకు మాత్రం కరెంటు వద్దా?" అన్నాను.

చివరికి, "సరే మే. తక్కువ కరెంటు తాగేది ఉంటే చూడు. అట్టాంటిది దొరికితేనే," అన్నాడు. దొరకదని ఆయన ధీమా. దొరకబుచ్చుకొని తీరాలని నా పంతం.

మొప్ప ఎత్తి చూడకుండా చేపను కూడా కొనను నేను. ముందు పక్కింటావిడ ఏసీ చూడబోయాను. పేరుకు పెద్దదే. బయట బిగించిన పెట్టె మాత్రం సముద్రపు గాలికి తుప్పు పట్టి, వెనక రేకులు పొడి పొడిగా రాలుతున్నాయి. చల్లదనం తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతోందని ఆవిడే మొత్తుకుంది. మా సముద్రం వైపు, కరెంటు పొదుపుకని ఏసీ మీద అంటించే నక్షత్రాలు లెక్కపెట్టుకుంటే చాలదని అప్పుడు తెలిసింది. తుప్పు పట్టకుండా పూత వేసిన రాగి గొట్టాలు కావాలి.

నెల్లూరులో షాపతను నన్ను చూడగానే రెండు టన్నులది చూపించాడు. గది ఎంతుంటుందో అడగనే లేదు. ఐదు నక్షత్రాలు ఉన్నాయి, ఆఫర్లో ఉంది, రేపటికి ఉండదన్నాడు. నేను వంగి లేబుల్ కింద సంవత్సరం చదివాను. పాతది. నక్షత్రాల కొలత మధ్య మధ్యలో మారుతుంది, నిన్నటి ఐదు ఈనాటి ఐదు కాదు. ఆ సంగతి ఫోన్లో చదివి వెళ్లాను లెండి. కొత్త లేబుల్ ఉన్నవి చూపించమని, ఒక టన్నువి వరుసగా నిలబెట్టి, ఏడాదికి ఎన్ని యూనిట్లు అని రాసి ఉన్న చోటే చూస్తూ పోయాను. అతని నవ్వు కొంచెం తగ్గింది.

కానీ ఒక్క మాట మాత్రం నిజం చెప్పాడు. "పైన ఎండ పడే స్లాబయితే ఒక టన్ను చాలదక్కా," అన్నాడు. పెద్దది కొంటే మా ఆయన స్విచ్ వెయ్యడు. కాబట్టి ముందు స్లాబు సంగతి చూడాలనుకొని, ఏసీ కొనకుండానే తిరిగొచ్చాను, ఎండను తిప్పికొట్టే తెల్ల సున్నం డబ్బాలతో. ఏసీకని పోయి సున్నం తెచ్చినావే అని మా ఆయన పడి పడి నవ్వాడు. నేను పైకెక్కి స్లాబుకు సున్నం పూస్తుంటే, వచ్చి బ్రష్ లాక్కోబోయాడు, ఇవ్వలేదు. పోయి పడుకోమన్నాను. రెండు పూతలు వేసేసరికి నా వీపు మండిపోయింది గానీ, స్లాబు మీద వట్టి కాళ్లతో నిలబడగలిగాను. కిటికీ సందులు మూసి, మందపాటి తెరలు కుట్టాను.

అప్పుడు కొన్నాను, ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ. బిగించడానికి వచ్చినతను సులువని తూర్పు గోడ ఎంచుకున్నాడు. సముద్రపు గాలి నేరుగా తగిలేది అక్కడే. ఉత్తరం గోడకు పెట్టేదాకా నిచ్చెన వదల్లేదు నేను.

మరునాడు మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, తిని పడుకున్నాడు. ఏసీ ఇరవై ఆరు డిగ్రీల్లో పెట్టి, ఫ్యాను సన్నగా తిప్పి తలుపు వేశాను. మధ్యాహ్నం దాటింది, లేవలేదు. భయమేసి తలుపు ఓరగా తీసి చూశాను. నోరు తెరుచుకొని నిద్రపోతున్నాడు. పొద్దు వాలాక భుజాన తువ్వాలుతో బయటికొచ్చి, పళ్లు తోముకుంటూ వంటింట్లోకి తొంగి చూశాడు.

"ఈ పొద్దు టిఫినేంది మే?" అన్నాడు.

తెల్లారిందనుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అంతగా నిద్రపోవడం నేను చూడలేదు. సాయంత్రమని చెప్ప బుద్ధి కాలేదు. అటు తిరిగి పెనం పొయ్యి మీద పెట్టి, దోసె పోశాను.