మరియమ్మ ఫొటోకి నేను పెట్టిన పేరు

మా ఆయన శ్రీధర్, నేను పదకొండేళ్లుగా కలిసి ఫొటోలు తీస్తున్నాం. కెమెరా ఆయన పట్టుకుంటాడు. ప్రింట్లు వేయించడం, వాటికి పేర్లు పెట్టడం, కింద రెండు వాక్యాలు రాయడం నా పని. రెండేళ్ల కిందట అద్దంకి దగ్గర ఒక మిరప కల్లంలో తీసిన ఫొటో మాకు మంచి పేరు తెచ్చింది. ఆరబోసిన ఎర్రటి కాయల మధ్య కూర్చుని పైట చెంగుతో కళ్లొత్తుకుంటున్న ఒకావిడ. హైదరాబాద్ ప్రదర్శనలో జనం దాని ముందు ఆగి ఆగి చూశారు. ఆవిడకి ఒక ప్రింటు ఇవ్వాలని అప్పుడే అనుకున్నాం గానీ ఈ ఫిబ్రవరి దాకా కుదరలేదు. కుదరలేదనడం కూడా సర్దుబాటు మాటే. వెళ్లలేదు.

గుంటూరు బస్టాండులో ఉదయం ఆరున్నరకి బస్సెక్కాం. చిలకలూరిపేట, మార్టూరు మీదుగా వెళ్లి మేదరమెట్ల దగ్గర హైవే వదిలితే అద్దంకి. రెండుంబావు గంటలు పట్టింది, ఇద్దరికీ కలిపి మూడొందల చిల్లర. అక్కడ ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాం, రానూపోనూ ఆరువందలు. డ్రైవరు మస్తాన్ గారు నా ఒళ్లో ఫ్రేము కట్టించిన ఫొటో చూసి, "ఎవరికండీ, సన్మానమా?" అనడిగారు. "అలాంటిదేనండి" అన్నాను గర్వంగా. దారికి ఇరువైపులా పత్తి తీసేసిన మోళ్లు, అవి దాటాక ఎర్రటి కల్లాలు. తొమ్మిదిన్నరకే ఘాటు గొంతులోకి దిగింది.

కల్లంలో ఐదారుగురు ఆడవాళ్లు రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. మేం వెతుకుతున్నావిడే మమ్మల్ని ముందు గుర్తుపట్టింది. పేరు మరియమ్మ. ఆ పేరు మేం వినడం అదే మొదటిసారి.

"కళ్లు కడుక్కొస్తానంటే ఒక్క నిమిషం ఉండమ్మా అన్నారు, మీరే గదా?" అని నవ్వింది. "కారం చెయ్యి కంట్లో పెట్టుకున్నా ఆ రోజు. చచ్చే మంట!"

శ్రీధర్ నా వైపు చూడలేదు. ఆ మాట అన్నది ఆయన. వెలుగు బాగుంది, కదలనివ్వొద్దని పక్కనుంచి సైగ చేసింది నేను.

"ఏమయ్యో, ఇట్రా! ఫొటోలవాళ్లొచ్చారు" అని ఆవిడ అవతలికి కేకేసింది. గోతాం భుజాన వేసుకున్న పెద్దాయన వచ్చాడు. "మా ఆయనండి, ఏసోబు."

నుదుట బొట్టు లేదని, కళ్లు తుడుచుకుంటోందని, నేను ఆ ఫొటోకి 'వైధవ్యం' అని పేరు పెట్టాను. 'భర్తను పోగొట్టుకున్న మిరప కూలీ' అని కింద రాశాను. ఎవర్నీ అడగలేదు. అది రాసిన చీటీ ఫ్రేము వెనక అతికించిందీ నేనే. శ్రీధర్ అప్పుడే ఆ ఫ్రేమును ఏసోబు చేతిలో పెట్టాడు.

"ఇలా ఇవ్వండి, అద్దం తుడిచిస్తాను" అని చెయ్యి చాచాను. అప్పటికే ఏసోబు ఫ్రేమును వెనక్కి తిప్పాడు. చర్చిలో వాక్యం చదివే మనిషట. ప్రతి మాటా విడదీసి అందరికీ వినిపించేలా చదివాడు. ఏరుతున్న చేతులు ఆగిపోయాయి.

"నేనెప్పుడు పోయానండీ?" అనడిగాడు. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టే.

"బొట్టు లేకపోయేసరికి..." అన్నాను.

"మేం చర్చికెళ్లేవాళ్లమమ్మా, బొట్టు పెట్టుకోం" అంది మరియమ్మ. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "అడిగితే చెప్పేదాన్ని గదా. ఎంతమంది చదివారు దీన్ని?"

"చాలామందండి. తప్పు మాది" అన్నాడు శ్రీధర్. ఆయన నన్ను వెనకేసుకు రావడంతో ఇంకా సిగ్గేసింది. "రాసింది నేనండి. నన్ను క్షమించండి" అన్నాను.

ఆవిడ ఫ్రేము రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసుకుంది. "బొమ్మ బాగుంది. కానీ ఈయన్ని ఎదురుగా పెట్టుకుని ఇది గోడకి తగిలించలేనమ్మా. తీసుకుపోండి" అని నా చేతికిచ్చింది. ఏసోబు చెంబుతో మంచినీళ్లు తెచ్చాడు, తాగాం. బయల్దేరుతుంటే, "ఎండెక్కుతోంది, తలకేదన్నా కప్పుకోండి" అన్నాడు, నా రాతలో రెండేళ్ల కిందటే చనిపోయిన ఆ మనిషి.

అద్దంకి బస్టాండులో కూర్చుని, ఆ ఫొటోని ఎక్కడా చూపించొద్దని గ్యాలరీకి ఫోన్ చేశాను. ప్రదర్శనలో దాని ప్రింట్లు కొన్న ఇద్దరికీ జరిగింది రాశాను. ఒకరు జవాబివ్వలేదు. ఇంకొకరు, "ఆ పేరు వల్లే కొన్నానండీ" అన్నారు. ఒకరికి కనబడనిది రెండోవాళ్లకి కనబడుతుందని మా జంట పని గురించి గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఫొటో తీసిన రోజు ఇద్దరం ఒకేలా తప్పుగా చూశాం, ఒకరినొకరం మెచ్చుకున్నాం కూడా.

కల్లాలకి వెళ్లాలనుకుంటే ఫిబ్రవరి, మార్చి మంచి సమయం. ఉదయం పది లోపే వెళ్లండి. ఫొటో తీస్తే దాని కింద ఏం రాయబోతున్నారో ఆ మనిషికి అక్కడే చదివి వినిపించండి. వినిపించడానికి నోరు రాకపోతే రాయకండి.