తెల్ల చొక్కా మీద పసుపు

రేపు పొద్దున్నే మా అబ్బాయికి ఉర్లా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ. దానికోసం కొన్న తెల్ల చొక్కాని నిన్న సైజు చూసుకుంటానని తొడుక్కుని, దాంతోనే అన్నానికి కూర్చుని, గుండెల మీద పప్పు ఒలకబోసుకున్నాడు మహానుభావుడు.

పొద్దున సబ్బు రుద్దగానే పసుపు మరక కాస్తా కుంకుమలా ఎర్రబడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. పక్క క్వార్టర్ భాభీ చూసి, సబ్బు బాగా జాడించేసి, నింబూ పిండి ఎండలో పడెయ్యమంది. అలాగే నాలుగుసార్లు నిమ్మరసం పిండి, డాబా మీద కాపలా కూర్చున్నాను. మూడింటికల్లా మరక మాయం! మల్లెపువ్వులాంటి చొక్కాని ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టి, టీ తాగడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి కాలరు మీద బొటనవేలంత తడి పసుపు. పక్కనే పసుపు గిన్నెతో మా అత్తగారు.

"ఏం చేశారత్తయ్యా!" అని అరిచాను.

"కొత్త బట్టకి పసుపెట్టకుండా తొడిగేస్తారేటే? మంచి పనికెళ్తన్నాడు కదా. నువ్వు మర్చిపోతావనే ఎట్టాను," అన్నారావిడ తాపీగా.

మనవడి ఉద్యోగం కోసం పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషిని ఏమనను?

ఇప్పుడు ఎండ లేదు. సబ్బు పెట్టే ధైర్యం నాకు లేదు. ఎండ లేకుండా పసుపు వదిలే చిట్కా తెలిస్తే వెంటనే చెప్పండి. "నాన్నమ్మ పెట్టింది, అలాగే వేసుకెళ్ళనీ" అనే సలహా మాత్రం వద్దు. అది మావాడు ఇప్పటికే ఇచ్చేశాడు.