సిరొంచ నుంచి ఆలపల్లి దాకా: చిన్నమ్మ కోసం ఒక ఆశ్రమం

మరాఠీ-తెలుగు సరిహద్దులోని సిరొంచ హాస్టల్లో ఏళ్ళ తరబడి పిల్లలకు వండిపెట్టిన మా చిన్నమ్మకు, రిటైరైన కొన్నాళ్ళకే పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి మాట ముద్దయింది. గలగలా మాట్లాడే మరాఠీ ఎటు పోయిందో, నాలుగు తెలుగు ముక్కలే మిగిలాయి. ఆమెకున్నది నేనొక్కదాన్నే. నర్సు ఉద్యోగం, పొద్దున పోతే ఊళ్ళు తిరిగి చీకటిపడ్డాకే వస్తాను. పోయిన నెల స్నానాలగదిలో పడి, నేను వచ్చేదాకా అట్లాగే ఉంది పాపం. నాకు ప్రాణం పోయినంత పనైంది. నది అవతల మంచిర్యాలలో తెలుగు ఆశ్రమాలున్నాయి గానీ ఆ నది మీద ఇంకా వంతెన లేదు, ఆమెను నాటుపడవ ఎక్కించడానికి భయపడ్డాను. ఇటువైపే, ఆలపల్లి దగ్గరి ఆశ్రమంలో ఒకే మంచం ఖాళీగా ఉంది, సాయంత్రంలోగా తేల్చమన్నారంటే బయల్దేరాం.

ఉదయం ఆరింటికి సిరొంచ స్టాండులో ఎస్టీ, అంటే సర్కారు బస్సు. నాలుగున్నర గంటల దారి. బామ్ని ఊరు దాటాక అడవి, గుంతలు. ఇలాంటి మనిషితో వెళ్తే, మంచి చెయ్యి వైపు కడ్డీ అందే సీటు పట్టుకోండి. కండక్టర్ చిన్నమ్మను చూసి, "ముసలామెకు సగం టికెటే అక్కా, వయసు కార్డు తెచ్చినవా?" అన్నాడు. చూపించాను. "రేపు బంద్ అంటున్రు. మూడింటి బస్సు పోతే ఇగ ఎల్లుండే. జర జల్దీ చేసుకో" అన్నాడు. అప్పటినుంచి నా కళ్ళు గడియారం మీదే.

ఆలపల్లి నుంచి ఆటోలో పావుగంట. ఆశ్రమం శుభ్రంగా ఉంది. మెట్లు లేవు, గోడ పొడుగునా పట్టుకునే కడ్డీలున్నాయి. నాగపూర్ వైపు నుంచి వచ్చిన మేనేజరు మర్యాదస్తుడు. హమ్మయ్య అనుకున్నాను. సంతకం పెట్టడమే తరువాయి. "ఉంటవా చిన్నమ్మా?" అంటే నా ముఖం చూసి నా చెయ్యి నిమిరింది. నన్ను పరేషాన్ చెయ్యొద్దని ఆమె పట్టుదల.

ఇంతలో భోజనాల గంట కొట్టారు. బంధువులు లోపలికి రాకూడదట, కిటికీ దగ్గర నిలబడ్డాను. వడ్డించే అమ్మాయి అన్నం తెస్తే చిన్నమ్మ ఎడమ చేత్తో కంచం ఎత్తి ఏదో అంది. అమ్మాయి విని తలూపి ముందుకు వెళ్ళిపోయింది. పప్పు వచ్చింది, మళ్ళీ అంతే. మూడోసారి చిన్నమ్మ కంచం ఎత్తలేదు, తలవంచుకుని కూర్చుంది. షుగర్ మాత్ర వేసుకున్న మనిషి! నాకు ఒళ్ళు మండిపోయింది, నియమం గియమం గంగలో కలవనీ అని లోపలికి దూసుకుపోయాను. "ఈమెకు పెట్టరా మీరు?" అని మరాఠీలో అరిచాను.

ఆ అమ్మాయి బిక్కచచ్చిపోయింది. "ఆజీనే నకో అంది తాయీ, రెండుసార్లూ!"

ఆజీ అంటే అవ్వ, తాయీ అంటే అక్క. నకో అంటే మరాఠీలో వద్దని. చిన్నమ్మ అన్నది "నాకు". ముద్దమాటలో అది నకో అయిపోయింది. ఊరందరి పిల్లల ఆకలి కనిపెట్టిన మనిషి, రెండుసార్లు అడిగి మూడోసారి నోరు మూసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ అమ్మాయి కూడా కళ్ళు తుడుచుకుంటూ కంచం నిండా వడ్డించి, "నాకు, నాకు" అని నేర్చుకుంది. ఈ అమ్మాయి సెలవు పెట్టిన రోజు ఎవరు పెడతారని మేనేజరును అడిగాను. ఆయన చిన్నమ్మ వైపు వంగి, "ఆజీ, ఇక్కడ ఉంటారా?" అని మరాఠీలో అడిగాడు. అప్పటికి రెండు దాటింది.

చిన్నమ్మ చివరి ముద్ద మింగి, ఏడాదిగా పలకని మరాఠీ మాటను కూడబలుక్కుని స్పష్టంగా పలికింది.

"నకో."

మూడింటి బస్సు అందింది. దారంతా నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నా కష్టం తీరిందని చెప్పను, రేపు ఆమెను ఎవరు చూస్తారన్నది ఇంకా తేలలేదు. కానీ అన్నం అడిగితే అర్థమయ్యే చోటు కోసం, నలుగురు మనుషుల్ని పెట్టి నాటుపడవైనా ఎక్కించి మంచిర్యాల తీసుకెళ్తాను. మీరూ ఆశ్రమం చూడబోతే భోజనం వేళకే వెళ్ళండి. మీ మనిషి తరఫున మీరు అడగకుండా, దూరంగా నిలబడి చూడండి.