అంతరిక్ష నౌకలో పచ్చడి జాడీ

మిర్యాలగూడ హాస్టల్లో, మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున చాటలు ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరేవాళ్లం. ఒకరు చదవాలి, మిగతావాళ్లు ఏరాలి. చదివే వంతు ఎక్కువగా నాదే.

మా దగ్గరున్నది అట్ట ఊడిపోయిన ఒక సైన్స్ ఫిక్షన్ నవల. పేరు తెలియదు. పాత అంతరిక్ష నౌక ఒకటి గ్రహం నుంచి గ్రహానికి విత్తనాలు మోస్తుంటుంది. అందులో ముసలి పైలట్, ఒక నర్సు, ఇల్లు వదిలి వచ్చిన అమ్మాయి, వంట చేసే మరమనిషి. ఎవరికీ ఎవరితో రక్తసంబంధం లేదు. యుద్ధం లేదు, శత్రువు లేడు. పైలట్‌కు జ్వరమొస్తే మరమనిషి గంజి కాచడమే ఒక అధ్యాయం...

లెక్కల టీచర్ ఒకసారి విని, ఏమీ జరగని కథ ఎందుకని నవ్వారు. మాకు మాత్రం ఆ గంజి పైలట్ తాగుతాడా లేదా అన్నదే ఉత్కంఠ.

మా హాస్టల్లో వంట చేసే లక్ష్మమ్మకూ అంతే. ఆమెది వేములపల్లి. ఆమెకు ఒకటే అభ్యంతరం.

"అన్ని నెలలు పచ్చడి లేకుంట ఎట్ల తింటరే? జర సరిగ సూసి సదువు."

పుస్తకంలో లేదు. నేనే చదువుతూ చదువుతూ ఒక చింతకాయ పచ్చడి జాడీని నౌకలోకి ఎక్కించాను. ఇక ప్రతి వారం అది ఉండాల్సి వచ్చింది... నేను మరిచిపోతే మా తరగతి సలోమి గుర్తుచేసేది.

సలోమికి తల్లిదండ్రులు లేరు. ఏడో తరగతి పరీక్షలు కాగానే నేరేడుచర్ల నుంచి వాళ్ల పెదనాన్న వచ్చాడు. చదివింది చాలు, ఇంట్లో పసిపిల్లలను చూసుకుంటుందన్నాడు. వేసవికి హాస్టల్ మూస్తారు. ఆమెకు ఇంకో చోటు లేదు.

సలోమి పెట్టె ముట్టలేదు. "నేను రాను పెదనాయినా. పోతే నువ్వు మళ్ల పంపవు."

"రాకుంటే యాడుంటవ్? గీడ నీకెవరున్నరు?"

లక్ష్మమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "సెలవులల్ల మా ఇంట్ల ఉంటది. బడి తెరవంగనే నేనే తోల్కొస్త."

"నువ్వేమైతవ్ దానికి?"

"ఏం కాను. అయితేంది?"

వార్డెన్ మేడమ్ ఆయన్ను లోపలికి పిలిచి చాలాసేపు మాట్లాడారు. ఆయన ఒక్కడే బస్సెక్కాడు. పదో తరగతి దాకా సలోమి వేసవులన్నీ వేములపల్లిలోనే గడిచాయి. ఇప్పుడు సలోమి సూర్యాపేటలో టీచర్. లక్ష్మమ్మ ఆమె దగ్గరే ఉంటుంది.

నేను రిపోర్టర్‌నయ్యాను. రోజంతా ప్రమాదాలు, గొడవలు రాస్తాను. ఇంటికొచ్చి చదివేది ఇప్పటికీ ఆ నౌక లాంటి కథలే... గ్రహాలు పేలవు, ఎవరో ఒకరు ఇంకొకరికి టీ పెడతారు. అవి నిజాన్ని తప్పించుకునేవాళ్ల కథలని కోదాడలో ఉండే మా సహోద్యోగి అంటాడు. నేను ఒప్పుకోను. లక్ష్మమ్మ సలోమిని ఆపుకున్న రోజు హాస్టల్ వాకిట్లో నిలబడి అలాంటిదే నిజంగా చూసినదాన్ని.

ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్ల చేతిలో... ఒకరు చదివితే పదిమంది వినే ఆదివారాలు పోయాయి. అయినా సలోమి ఇంటికి వెళ్లినప్పుడల్లా నేను గట్టిగా చదువుతాను, లక్ష్మమ్మ తప్పులు పడుతుంది.

మిమ్మల్ని దగ్గరకు తీసినవాళ్ల పేర్లు కింద రాయండి... చుట్టరికం రాయనక్కర్లేదు.