అంచులు విడని బైబిలు

వినయం మరీ ఎక్కువగా కనిపిస్తే బట్టలు కుట్టే మిషనక్కకి నచ్చదు. బట్ట మెరుస్తోందంటే ముందు నీళ్ళలో ముంచి రంగు దిగుతుందేమో చూసే మనిషి ఆమె. అందుకే సంఘంలో అందరూ "మన అయ్యగారిలాంటి మనిషి ఉండడు" అంటుంటే, ఆమె దారం పంటితో తెంపుతూ "చూద్దాం" అనేది.

ఆ అయ్యగారు వారమంతా మెట్ల కింది చిన్న కొట్లో తాళాలు బాగుచేస్తాడు, ఆదివారం వాక్యం చెప్తాడు. తాళాలయ్యగారు అనే పిలుస్తారు అందరూ. ఆరాధన అయ్యాక కుర్చీలు తనే మడిచి గోడకి చేరుస్తాడు. చూపు ఆనని ముసలమ్మలని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాడు. ఒకప్పుడు ఇలా లేడు. వేదిక ఎక్కితే గొంతు లేచేది, వేలు లేచేది. ఈ మధ్యే ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. ఉన్నట్టుండి మెత్తబడిన మనిషిని మిషనక్క ఎలా నమ్ముతుంది?

వచ్చే ఆదివారం సంఘం ఆయన్ని కాపరిగా కొనసాగించాలా వద్దా తేల్చబోతోంది. ఆడవాళ్ళ తరఫున మాట మిషనక్కది. సరిగ్గా ఆ వారమే బైబిలు ఆమె చేతికొచ్చింది.

అది పోయినేడాది సంఘమే ఆయనకి ఇచ్చిన కానుక. జిప్పు సంచి కుట్టిపెడతానని తెచ్చుకుంది. కొలత కోసం తెరవబోతే పేజీలు విడలేదు. బంగారు పూత అంచులు అంగట్లో ఉన్నట్టే ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మొదటి నుంచి చివరి దాకా బొటనవేలు నడిపింది. ఎక్కడా విడలేదు. పాత బైబిలు ఎవరో రోగికి ఇచ్చేశానని ఆయనే చెప్పాడు. వేదిక మీద వాక్యం నోటికే చెప్తాడు, మరి చదివేది ఎందులో?

"ఈయన చదవకుండానే మనకి చెప్తున్నాడండీ," అంది భర్తతో.

ఆమె భర్త లారీ టైర్లకి పంక్చర్లు వేస్తాడు, సంఘపెద్దల్లో ఒకడు. "నువ్వు పోలీసువి కావాల్సినదానివే. పాపం, మిషను పాలయ్యావు," అని నవ్వాడు. నవ్వుతూనే మిగతా పెద్దల చెవిన వేసేశాడు.

శుక్రవారం పొద్దున సంచిలో పెట్టిన బైబిలు ఇద్దామని వెళ్తే కొట్టు మూసి ఉంది. అయ్యగారు సందులోకి తిరగడం కనిపించింది. ఆమె వెనకే నడిచింది. ఆయన ఒక ఇంటి ముందు ఆగి, చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి, వేసి ఉన్న తాళం తీసి లోపలికి వెళ్ళాడు.

మిషనక్క గోడ పక్కకి తప్పుకుంది. అది గడియారం బాబాయి ఇల్లు. కోడలు పొద్దున్నే పనికెళ్తూ బయట తాళం పెడుతుంది, మంచం దిగలేని ముసలాయన లోపల ఒక్కడే. ఆయన గుడికి రావడం మానేసి రెండేళ్ళయింది. చివరిసారి వచ్చిన రోజు ఆలస్యమైందని అయ్యగారు వేదిక మీంచే, "గడియారాలు బాగుచేసేవాడికే టైము తెలీదు, ఇక మనకేం తెలుస్తుంది!" అన్నాడు. గుడంతా ఘొల్లుమంది. కాళ్ళు పడిపోతూ ఉండటం వల్ల నడక సాగలేదని తర్వాత తెలిసింది. అలాంటి ఇంటికి, తాళాలు చేసేవాడు, మనుషులు లేని వేళ చూసుకుని!

శనివారం ఆమె ముందే వెళ్ళి కిటికీ పక్కన నిలబడింది. అయ్యగారు వచ్చాడు. ముసలాయన మొహం తుడిచి, మంచం మీద కూర్చోబెట్టి, తలగడ కింది పెద్దక్షరాల బైబిలు తీసి కింద గచ్చు మీద కూర్చున్నాడు. గురువు తువాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగిన చోటు చదవసాగాడు.

"ఆపు. ఎవరి గురించి అది?" అన్నాడు ముసలాయన.

"నా గురించే, బాబాయ్."

"రోజూ అదే అంటావు. ఏం చేశావో చెప్పు."

అయ్యగారు పేజీలో వేలు పెట్టి బైబిలు మూశాడు. "నిన్న ఒకాయన తాళంచెవి పోయిందని పరిగెత్తుకొచ్చాడు. అప్పుడు ఫోన్లో ఎవరికో ప్రార్థన చేస్తున్నా. ఆయన వింటున్నాడని ఇంకా సాగదీశా."

"ఎంతసేపేంటి?"

"ఆయన విసుగొచ్చి తాళం పగలగొట్టుకోడానికి వెళ్ళిపోయేదాకా."

ముసలాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "సరే, మళ్ళీ మొదట్నుంచి చదువు. ఈసారి మెల్లిగా."

మిషనక్క చేతిలోని సంచి కిటికీ చువ్వకి తగిలింది. అయ్యగారు బయటికొచ్చి, ముందు ఆమెని, తర్వాత బైబిలుని చూశాడు.

"పేజీలు చూశావా అమ్మా?"

"చూశానయ్యగారూ. తాళంచెవి కూడా చూశా."

"కోడలే ఇచ్చింది. పాత బైబిలు నిండా గీతలే. ఏ వాక్యం ఎవరికి తగిలించాలా అని. ఒక్క గీతా నా కోసం గీసుకోలేదు. కొత్తది తెరిస్తే చెయ్యి మళ్ళీ పెన్సిలు వెతుక్కుంటుందని భయం. ఇక్కడైతే ఇంకొకరికి తగిలిస్తే బాబాయి ఒప్పుకోడు." గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పకు తల్లీ. తెలిస్తే ఇందుక్కూడా మెచ్చుకుంటారు. నేను ఇష్టంగా వింటాను."

ఆదివారం పెద్దలు కూర్చున్నారు. "బైబిలు తెరవనే లేదట కదా, అక్కా?" అని అందరిముందూ అడిగారు. అయ్యగారు చివరి కుర్చీలో తలదించుకుని ఉన్నాడు. నిజం చెప్తే ఆయన కాపరిగా నిలబడతాడు, కానీ ఎవరికీ చెప్పకని ఆయన అడిగింది పోతుంది.

మిషనక్క లేచింది. "పేజీలు విడలేదన్నది నిజమే. కానీ ఆయన చదువుతాడు, నా కళ్ళతో చూశాను. ఎక్కడని అడక్కండి. పూర్తిగా చూడకముందే నోరు జారింది నేను. ఆయన్ని ఉంచండి."

"కొలతలు తీసే ఆవిడకే కొలత తప్పింది, ఇక మనకేం తెలుస్తుంది!" అన్నాడు ఒక పెద్ద. ఘొల్లుమన్నారు. ఆమె భర్త కూడా నవ్వాడు. అయ్యగారొక్కడే నవ్వలేదు. ఏదో చెప్పబోతూ లేచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వాళ్ళ నవ్వు ఆగకముందే కూర్చుంది. ఆ నవ్వు ఎదురుగా కూర్చుని వింటే ఎలా ఉంటుందో ఆమెకి అప్పుడే తెలిసింది.

అయ్యగారినే ఉంచారు.

మర్నాడు కోడలు తాళం వెయ్యకముందే మిషనక్క ఆ ఇంటికి వెళ్ళింది. గడియారం బాబాయి కళ్ళు చిట్లించాడు.

"ఎందుకొచ్చావ్? వాడు పంపాడా?"

"లేదు బాబాయ్. ఆ రోజు గుడిలో నేనూ నవ్వాను."

"తెలుసు. అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వే." తలగడ కింద చెయ్యిపెట్టి బైబిలు ఆమె వైపు తోశాడు. ఇంకా అనుమానంగానే చూస్తున్నాడు. "కూర్చో. మంచం మీద కాదు, కింద. చదువు."