నా మెడ మీది రంగు

ఆదివారం తలస్నానమంటే నాకు భయం. నీళ్ళకు కాదు, మా అమ్మ చేతిలోని బీరపీచుకు. నాకప్పుడు పదమూడేళ్ళు. మెడ వెనక, మడతల్లో, నల్లటి పట్టీ ఒకటి కనబడడం మొదలైంది. అమ్మ దాన్ని మట్టి అనుకుంది. శనగపిండి, పెరుగు, నిమ్మచెక్క అన్నీ అయిపోయి చివరికి గిన్నెలు తోమే బూడిద దాకా వచ్చింది. చర్మం కందిపోయేది గానీ నలుపు మాత్రం కదిలేది కాదు. "స్నానం జేస్తున్నవా, ఊకె నీళ్ళు సల్లుకొని వస్తున్నవా?" అని వీపు మీద ఒక్కటి చరిచేది. నేను ఏడుస్తూనే పళ్ళు నూరేదాన్ని. కడుక్కున్న మెడను కడుక్కోలేదంటే ఎవరికి మాత్రం కోపం రాదు?

మాది గద్వాలలో నేత ఇల్లు. ఇది తొంభైల మొదట్లో మాట. ముందు గదిలో గుంట మగ్గం, వెనక గదిలో వంట, ఆ రెంటి మధ్యా మేము. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ నేతలోనే పెనవేయాలి గనక ఒక్క మనిషితో అయ్యే పని కాదు. నాయన మగ్గం మీద కూర్చుంటే, అంచు పట్టుపోగును నడిపే నాడె అందించడానికి పక్కన ఇంకొకరు కావాలి. బడి లేని వేళల్లో ఆ ఇంకొకరు నేనే. నాడె అందించే పని లేనప్పుడు అందులో పెట్టే పోగుల కండెలు చుట్టేదాన్ని. రెండూ కూర్చుని చేసేవే. లేచి నడిచే పని ఒక్కటే ఉండేది, రంగుల మామ ఇంటికి పోయి రంగేసిన నూలు తేవడం.

మాకు నూలుకూ పట్టుకూ రంగులు వేసిచ్చే ఆయనే రంగుల మామ. నాయన ఆయన్ను బావా అనేవాడు గనక నాకు మామ. ఆయన ఇల్లు కోట అవతల, మైలు దూరం. ఆరిన నూలు చుట్టలను మేము లడులంటాం. వాటిని దండల్లాగా నా మెడలో వేసి పంపేవాడు. అట్లా వేసుకుంటే నూలు నేలకు తగలదు, చేతులు ఖాళీగా ఉంటాయి, మా వీధి పిల్లలందరూ అట్లాగే తెచ్చేవాళ్ళు. "మా కోడలుపిల్ల పెండ్లికూతురు లెక్క పోతుంది, చూడుండ్రి" అని మామ వీధంతా వినబడేలా అరిచేవాడు. నాకు సిగ్గూ సంతోషమూ రెండూ కలిగేవి.

ఇక తిండి సంగతి. నాయన చిన్నతనమంతా జొన్న సంకటిలాంటి గటక మీద, జొన్నరొట్టె మీద గడిచింది. అన్నమంటే పండగకో, చుట్టాలొస్తేనో. తన బిడ్డ మాత్రం మూడు పూటలా తెల్లన్నం తినాలని ఆయన పంతం. రేషను బియ్యం వచ్చాక ఆ పంతం నెరవేరింది. పాన్‌గల్ దిక్కు నుంచి ఏటా వచ్చే జొన్నల బస్తా రావడం మానేసింది, రొట్టెల పెనం అటకెక్కింది. పొద్దున అన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రికి పాలూ శక్కరా కలిపిన అన్నం. నేతగాళ్ళ ఇంట్లో చాయ్‌కి లెక్కలేదు. మగ్గం ఆగినప్పుడల్లా ఒక చాయ్, నాకూ ఒక గ్లాసు, అందులో ముంచుకోను బన్ను. నాయన తల్లి, మా అవ్వ, రాయచూరు దిక్కు పుట్టిన మనిషి. ఎదురైనప్పుడల్లా "ఊట ఆయ్తా?" అని తన కన్నడలోనే అడిగేది, తిన్నావా అని. అయిందన్నా వినేది కాదు, ఇంకో ముద్ద పెట్టేది. "పిల్ల బొద్దుగ ఉంటెనే ఇంటికి కళ" అనేది. నేను బొద్దు దాటి చాలా దూరం పోయాను. అందుకు నాకేం బాధ లేదు. నాకు తిండంటే ఇష్టం. ఇప్పటికీ ఇష్టమే, దాచుకునేదేముంది.

బూడిదకు కూడా నలుపు వదలకపోయేసరికి అమ్మకు ఒక రోజు తట్టింది. "గిది మట్టి గాదు. రంగు. లడులు మెడల ఏసుకొని చెమటలు కక్కుకుంట వస్తది గద, రంగు దిగి తోలుకు పట్టింది." ఆ మాట వినగానే అందరికీ నిజమే అనిపించింది. సరిగ్గా లడులు ఆనే చోటే నలుపు ఉంది మరి. రంగులతో బతికే ఇంట్లో మచ్చ కనబడితే రంగు తప్ప ఇంకేం తోస్తుంది?

నాయన నన్ను వెంటబెట్టుకుని మామ ఇంటికి పోయాడు. సంగతి విని మామ ఒక తెల్లగుడ్డ తడిపి నా మెడ రుద్ది చూపించాడు. గుడ్డ తెల్లగానే ఉంది.

"చూడు బావా, రవ్వంత గూడ అంటలే. నా రంగైతే గుడ్డకు రాదా?"

"గట్టిగ పట్టింది గనకనే వస్తలేదు" అన్నాడు నాయన.

"గంత గట్టిగ పట్టే రంగైతే, లడి మీదికెల్లి పిల్ల మెడ మీదికి ఎట్ల పోయింది మల్ల?"

జవాబు లేనప్పుడే మనిషికి కోపం ఎక్కువ. "నీది కచ్చా రంగు, నిలిచేది గాదు" అనేశాడు. రంగులేసే మనిషిని అంతకన్న పెద్ద తిట్టు ఎవరూ తిట్టలేరు. మామ గుడ్డ పిండి దండెం మీద వేసి లోపలికి పోయాడు. ఇరవై ఏళ్ళ స్నేహం ఆ పూటతో ఆగిపోయింది.

తర్వాత నాయనే వేరేచోటి నుంచి సైకిలు మీద నూలు తెచ్చుకున్నాడు. నాకున్న ఒక్క నడకా పోయింది. ఏడాది తిరిగేసరికి నా జాకెట్లు రెండుసార్లు విప్పి కుట్టారు. మెడ మీది నలుపు తగ్గలేదు సరికదా చంకల్లోకి కూడా పాకింది. లడులు చంకల్లో పెట్టుకోలేదు కదా అని ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఆ ఏడే నాయన కాలివేలికి మగ్గం గుంటలో చిన్న దెబ్బ తగిలింది. నెల దాటినా మానలేదు. దానికితోడు ఎప్పుడూ దాహం, మగ్గం మీదనే కునుకు. అమ్మ పోరు పడలేక ఒక పొద్దున నన్ను తోడు తీసుకుని దవాఖానకు పోయాడు. అక్కడి డాక్టరమ్మ పుండు చూసి మూత్రం పరీక్ష చేయించింది. సన్నటి గాజుసీసాలో నీలం నీళ్ళు, అందులో నాలుగు చుక్కలు, స్పిరిటు దీపం మీద కాచారు. నీలం కాస్తా ఆకుపచ్చయింది, పసుపయింది, నారింజకు తిరిగి ఇటుక రంగు దగ్గర ఆగింది. నాయన జబ్బు సంగతే మరిచిపోయాడు. "అబ్బ, ఎంత మంచిగ తిరిగింది!" అన్నాడు.

"తిరుగుడు మంచిది గాదయ్యా. నీలం నీలంగనే ఉండాలె. నీకు శక్కర జబ్బు ఉంది" అంది డాక్టరమ్మ.

ఆమె చూపు అప్పుడు నా మీద పడింది. దగ్గరికి పిలిచి, వెనక్కి తిప్పి, జడ పక్కకు తీసి మెడ చూసింది. నాయన అడక్కుండానే చెప్పాడు. "అది రంగు డాక్టరమ్మా. కచ్చా రంగు పట్టింది."

ఆమె నవ్వలేదు. "ఇది పైనుంచి పట్టింది గాదు, లోపటి నుంచి వచ్చింది. తిన్నదాంట్ల శక్కరను ఒంటికి అందించేది ఒకటి మన లోపటనే తయారైతది. అన్నం, శక్కర ఎక్కువై, ఒళ్ళు కదలకపోతే దానికి పని మించిపోతది. గప్పుడు కొందరు పిల్లలకు మెడ, చంకలు గిట్ల నల్లబడ్తయి. నీకు జబ్బు ఉంది గనక ఈ పిల్ల ఇంకా భద్రంగ ఉండాలె."

నాకూ అదే పరీక్ష అని నా సీసా దీపం మీద పెట్టారు. నాయన కుర్చీలోంచి లేచాడు. తన సీసా రంగులు తిరుగుతుంటే మురిసిన మనిషి, నాది కాగుతుంటే బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. నాకు సీసాను చూసి కాదు, ఆయన మొహం చూసి భయమేసింది. నీళ్ళు మసిలాయి. నీలంగానే ఉన్నాయి.

"ఇప్పటికి నీలమే" అంది డాక్టరమ్మ. "గిది చూసి ఏం లేదనుకోవద్దు. తిండి ఇట్లనే ఉంటే రేపోమాపో ఇది గూడ తిరగచ్చు. ఎదిగే పిల్ల, ఉపాసం ఉంచొద్దు. తిండి మార్చుండ్రి, దినాం నడిపియ్యుండ్రి. ఏడాదికి మల్ల తీసుకరా."

బయటి మెట్ల మీద నాయన కూలబడ్డాడు. "తెల్లబువ్వ పెడుతున్న అని ఎంత మురిస్తి బిడ్డా" అని కండువాలో మొహం దాచుకున్నాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. తిన్నది నేనైతే ఏడుపు ఆయనదేంటని నాకు దుఃఖం పొంగుకొచ్చింది. నన్ను ఎవరూ అంత ప్రేమించలేదని ఆ మెట్ల మీదే నాకు తెలిసింది.

ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. "పిల్లకు రొట్టె పెడ్తరా? మనం గంత చెడిపోయినమా?" అని అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన అటక మీది పెనం దించి, బూజు తుడిచి, ఆమె ముందు పెట్టాడు. "నీ రొట్టె తినే పెరిగిన గద అవ్వా. గప్పుడు నాకేం కాలే." అయినా ఆమె కరగలేదు. చివరికి ఆమెను దారికి తెచ్చింది మా అమ్మ చేతకానితనం. అమ్మకు రొట్టె చెయ్యరాదు. తట్టిన రొట్టె నాలుగు దిక్కులా పగిలేది, పెనం మీదికి పోయేలోపు ముక్కలయ్యేది. మూడు రోజులు చూసి అవ్వ ఓర్వలేకపోయింది. "జరుగు" అని అమ్మను పక్కకు తోసి పిండి ముందు కూర్చుంది. ఆమె చేతుల్లో రొట్టె చందమామంత గుండ్రంగా తిరిగింది.

అప్పటి నుంచి వంటగది మళ్ళీ అవ్వది. పొద్దున రొట్టె, పల్లీల చట్నీ. మధ్యాహ్నం ఒక గిన్నె అన్నం, దానికి రెండింతలు పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు. రాత్రి మళ్ళీ రొట్టె, ఉలవచారు. చాయ్‌లో శక్కర పోయింది. "ఊట ఆయ్తా?" మాత్రం పోలేదు. ఇంకో ముద్దకు బదులు చేతిలో దోసకాయ ముక్క పెట్టేది, అంతే తేడా.

నడక సంగతి తేలలేదు. పనిలేకుండా ఆడపిల్ల వీధిలో తిరిగితే పది నోళ్ళు పది మాటలంటాయి. నడవాలంటే పని ఉండాలి. ఆ పని ఉన్నది రంగుల మామ ఇంట్లోనే. ఒక సాయంత్రం నాయన చెప్పులు తొడుక్కుని "నడువు బిడ్డా" అన్నాడు. పుండు ఇంకా పూర్తిగా మానలేదు, మెల్లగా నడిచాం.

మామ రంగుబాన దగ్గర ఉన్నాడు. మమ్మల్ని చూసి కూడా తల తిప్పుకున్నాడు. తప్పయిపోయింది అనే మాట మా ఇళ్ళల్లో మగవాళ్ళకు నోరు తిరగదు. నాయన "బావా, ఒక నీలం కావాలె" అన్నాడు.

"ఏం నీలం?"

"నిప్పుల మీద మసిలినా తిరగని నీలం. నా బిడ్డ సీసల చూసిన." అని దవాఖాన సంగతంతా చెప్పాడు. మెడ మీదిది రంగు కాదని కూడా చెప్పాడు.

మామ బాన కలుపుతూనే ఉన్నాడు. "నా రంగు కచ్చా అంటివి."

"నా నోరే కచ్చా" అన్నాడు నాయన.

మామ నవ్వలేదు. లోపలికి పోయి పట్టు పోగులు తెచ్చి, ఒకటి ముంచి చూపించాడు. నాయన తల అడ్డంగా ఊపాడు. రెండోది ముదురయింది. మూడోది చూసి నాయన "గిదే" అన్నాడు. దానిలోంచి జానెడు పోగు తెంపి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మామ ఆరిన లడులు నాలుగు తీసి, ఏమీ జరగనట్టే నా మెడలో వేశాడు. "రేపు నువ్వొక్కదానివే రా" అన్నాడు.

రోజూ పోయి వచ్చాను. ఎండాకాలంలో పొద్దున్నే, వానాకాలంలో గొడుగుతో. నేను మహా బుద్ధిమంతురాలినయ్యానని చెప్పను. ఒకసారి పొట్లం కట్టిన శక్కర కండెల డబ్బాలో దాచుకున్నాను. నాయన డబ్బా తెరిస్తే పట్టు కండెల మీద చీమల బారు. అమ్మ చెయ్యెత్తింది. "కొట్టకు. నేను గూడ నిన్న బజార్ల జిలేబి తిన్న" అన్నాడు నాయన. అమ్మ ఎత్తిన చెయ్యి ఎవరి మీద దించాలో తెలియక అట్లాగే నిలబడిపోయింది. ఆ రోజు నుంచి నాయన, నేను ఒకరికొకరం కాపలా.

ఏడాదికి మళ్ళీ దవాఖానకు పోయాం. అప్పటికి నా మెడ నలుపు పలచబడింది, పూర్తిగా పోలేదు. అమ్మ బీరపీచు పక్కన పెట్టి చాలా రోజులైంది. మా ఇద్దరి సీసాలూ పక్కపక్కనే కాచారు. నాది మసిలి చల్లారాక నాయన జేబులోంచి ఏదో తీసి సీసాకు ఆనించి, కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాడు. జానెడు నీలం పోగు. ఏడాదిపాటు చొక్కా మారినప్పుడల్లా ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చుకుంటూ వచ్చాడన్నమాట. కొసలు రేగి మెత్తబడింది గానీ, రంగు ఆ పోగుదీ నా సీసాదీ ఒక్కటే.

"ఏందయ్యా అది?" అంది డాక్టరమ్మ.

"ఏం లేదు డాక్టరమ్మా. రంగు సరిపోయిందా లేదా చూస్తున్న."

ఆయన కళ్ళు నిండి ఉన్నాయి. తన సీసా వైపు చూడనే లేదు. నేనే చూశాను. పోయిన ఏడు ఇటుక రంగున్నది ఈసారి లేతాకు పచ్చ దగ్గరే ఆగింది. రంగు వెలిసిందని మా ఇంట్లో ఎవరైనా సంతోషించారంటే అది ఆ ఒక్క రోజే.